మొక్కలకు కట్టిన పురికొసను కాకులు, గోరింకలు లాగేస్తుంటే ఏం చేయాలి?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. డాబా మీద కుండీల్లో టమాటా, చిక్కుడు, కాకర వేశారట. వెదురు పుల్లలు గుచ్చి పురికొసతో కట్టారు. పది రోజులుగా పొద్దున్న లేచి చూస్తే కట్లు ఊడిపోయి, మొక్కలు వాలిపోయి ఉంటున్నాయి. కాకులు, గోరింకలు తాడు ముక్కలు ముక్కున కరుచుకుని పోవడం కళ్ళారా చూశారు. ఇనుప తీగతో కట్టేయమంటారా, పైన వల కప్పమంటారా, పక్కింటివాళ్ళు చెప్పినట్టు చచ్చిన కాకిని వేలాడదీయమంటారా అని అడిగారు.

ఆ మూడూ వద్దమ్మా. మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ నది వైపు అరెకరం దొడ్డిలో పాతికేళ్ళుగా బీర, పొట్ల, ఆనప, కాకర పందిళ్ళు వేస్తున్నాను. ఈ మూడూ నేను ఏదో ఒకప్పుడు చేసినవో, పక్కవాళ్ళు చేస్తుంటే చూసినవో. ఎందుకు వద్దంటున్నానో కింద చెబుతాను. ముందు మీ సమస్యకు జవాబు.

పక్షి మీ ముడిని విప్పడం లేదు. బయటికి వేలాడుతున్న కొసను పట్టుకుని లాగుతోంది. పట్టుకోవడానికి కొస, పీకడానికి పీచు లేకుండా కడితే మీ ఇబ్బంది ముప్పాతిక వంతు తీరుతుంది. మిగతా పావు వంతు కోసం, వాటికి కావలసిన పీచును మొక్కలకు దూరంగా వేరేచోట పెట్టండి.

ఇప్పుడే ఎందుకు మొదలైందంటే, ఇది గూళ్ళు కట్టే కాలం. మన వైపు కోకిల కూత జోరందుకుందంటే కాకులు గూటి పనిలో పడ్డాయని లెక్క. కోకిల తన గుడ్లు పెట్టేది ఎక్కువగా కాకి గూట్లోనే కాబట్టి రెండింటి కాలం ఒకటే. మార్చి చివర మొదలై ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా ఉంటుంది. రథయాత్ర దాటేసరికి కాకుల హడావుడి చాలావరకు సద్దుమణుగుతుంది. గోరింకలు మాత్రం వానల్లో కూడా కొనసాగిస్తాయి. గోడ కన్నాల్లో, రేకుల సందుల్లో, పాత పైపుల్లో దూరి ఆగస్టు దాకా గుడ్డ పీలికలు, కాగితాలు, వేళ్ళు, దొరికిందల్లా కుక్కుతూనే ఉంటాయి. పిచ్చుకలకైతే ఏడాదిలో ఖాళీ నెలలు తక్కువే.

కాకి గూడు పైపైన చూస్తే పుల్లల కుప్పలా ఉంటుంది కానీ లోపల పని వేరు. బయట గట్టి పుల్లలు, తీగ ముక్కలు. లోపల గుడ్లు ఆనే చోట మెత్తటి పీచు, వెంట్రుకలు, గుడ్డ. అందుకే మొదటి వారంలో మీ కుండీల్లోంచి సన్న పుల్లలు పోతాయి, ఆ తర్వాతే తాడు పోతుంది. తాడు మీద పడ్డాయంటే గూడు చివరికొచ్చిందన్నమాట. ఆ జంట బెడద ఇంకో వారం, పది రోజులు. కానీ మన ఊళ్ళలో ఒక్క జంటతో ఆగదు కదా.

ఒకసారి మే నెలలో పెద్ద గాలివాన వచ్చి మా వేపచెట్టు కొమ్మ విరిగింది. దాంతోపాటు పిల్లలు ఎగిరిపోయిన కాకి గూడు ఒకటి కింద పడింది. విప్పి చూశాను. చీపురు పుల్లలు, బైండింగ్ వైరు వంకీలు, కొబ్బరి పీచు, వాటి మధ్య నా పొట్ల పందిరికి కట్టిన పురికొస ముక్కలు పదిహేడు. వాటిలో పద్నాలుగింటికి నేను వేసిన ముళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి! ముడి గట్టిగానే ఉంది, పుల్ల మీద నుంచి కట్టు మొత్తం జారి వచ్చేసింది. అప్పటిదాకా నేను ముడి మీద ముడి వేస్తూ పోయాను. ఆ రోజు నుంచి ముడి గురించి కాకుండా కొస గురించి, పట్టు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

అసలు లాగుతున్నది ఎవరో ముందు తేల్చుకోండి. మీరు కాకుల్ని చూశానన్నారు, నిజమే. అయినా మిగిలిన కట్ల కొసలు ఒకసారి దగ్గరగా చూడండి. కట్టు మొత్తం మాయమై, పుల్ల కూడా కదిలి ఉంటే కాకి. తాడు ఉండి కూడా రోజురోజుకీ సన్నబడి, ఒక రోజు తెగిపోతే పిచ్చుకలు ఒక్కో పోగే పీకుతున్నాయి. గుడ్డ పీలికలు పోయి పురికొస మిగిలితే గోరింక అనుకోవచ్చు. కొస కత్తిరించినట్టు తెగి, కింద పీచు పొట్టు రాలి ఉంటే అది పిట్టే కాదు, ఉడుత. రాత్రి పదింటికి బాగున్నది తెల్లవారుజామున ఇంకా చీకటిగా ఉండగానే తెగి ఉంటే ఎలుక. కాకైనా గోరింకైనా వెలుతురు వచ్చాకే పనిలో దిగుతాయి.

ఇది తేల్చుకోకపోతే శ్రమ వృథా. గుణుపురంలో మా వదిన రెండు నెలలు కాకుల మీద యుద్ధం చేసింది. వెళ్ళి చూస్తే ఉడుతలు. మిరపకారం నూనెలో కలిపి కట్లకు రాయమన్నాను, ఆగాయి. అదే మందు కాకులకు, గోరింకలకు పనిచేయదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ ఉడుత, ఎలుక, మనిషి లాంటి పాలిచ్చే జీవులకే మంట. పక్షుల నోటికి ఆ మంట తెలియదు. పండు మిరపకాయల్ని రామచిలుకలు ఎంత హాయిగా తింటాయో చూసే ఉంటారు. కాబట్టి కాకుల కోసం కారం పూసి, తర్వాత ఆ చేత్తో కళ్ళు నులుముకుని ఏడవకండి.

ఇక దేనితో కట్టాలి. మీరు వాడిన పురికొస (బజారులో సుతిలి అని అడిగినా ఇదే ఇస్తారు) కొత్తగా ఉన్నప్పుడు పక్షులు అంతగా ముట్టవు. ఎండకు, మంచుకు నెల రోజులు నాని ఎండి, పీచు లేచి గడ్డంలా నిలబడినప్పుడు వస్తాయి. జనుము తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు వదులవుతుంది. ఆ వదులే వాటికి సందు. కొబ్బరి తాడు ఇంకా ఘోరం. కాకికి, ఉడుతకి దానికంటే ఇష్టమైనది లేదు.

నేను ఏళ్ళ తరబడి వాడుతున్నది పాత సైకిల్ ట్యూబు. పంక్చర్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు, లేదా పదో పరకో తీసుకుంటారు. దాన్ని అడ్డంగా వేలెడు వెడల్పున కోస్తే ఉంగరాల్లా వస్తాయి. ఉంగరాన్ని ముందే పుల్లకు తొడిగి, ఒక మెలి తిప్పి, రెండో సగంలోంచి లేత మొక్కను పైకి తీసుకుంటే ఎనిమిది అంకె ఆకారంలో కూర్చుంటుంది. ముడి లేదు, కొస లేదు, పీచు లేదు. కాండం లావెక్కినకొద్దీ రబ్బరు సాగుతుంది. కాకులు రెండు రోజులు పొడిచి చూసి వదిలేస్తాయి. మొక్క పెద్దదైపోతే ఉంగరం తొడగడం కుదరదు. అప్పుడు ట్యూబును పొడుగ్గా పీలిక కోసి, పుల్ల వెనక ముడి వేసి, మిగిలిన కొసను గోరంత వదిలి కత్తిరించండి. మీ డాబా మీద ఎండ బాగా కాస్తుంది కనుక ఆ రబ్బరు రెండేళ్ళకు పెళుసెక్కుతుంది. అప్పుడు మార్చుకోవాలి.

ట్యూబు దొరకకపోతే పాత బనియన్ గుడ్డ. నేత గుడ్డ చించితే అంచున దారాలు లేస్తాయి. బనియన్, టీషర్ట్ గుడ్డ అల్లిక కనుక పీలిక చేసి ఒకసారి లాగితే దానంతటదే చుట్టుకుని మెత్తటి తాడులా అయిపోతుంది, దారాలు రావు. గోరింకలు దీన్ని కూడా అప్పుడప్పుడు లాగుతాయి, కానీ కొస చిన్నదైతే పట్టు దొరకదు. సిల్కు, నైలాన్ చీరల పీలికలు మాత్రం వాడకండి. ఒక ఏడాది నేను పాత నైలాన్ చీర చించి కట్టాను. దాని దారాలు పిచ్చుకలు గూట్లో పెట్టుకున్నాయి. ఒక పిల్ల పిచ్చుక కాలికి దారం బిగుసుకుని గూటికి వేలాడి చచ్చిపోయింది. ఆ గూడు మా వసారా దూలం మీదే ఉండేది, రోజూ చూస్తూ ఉండి కూడా గమనించలేకపోయాను. జనుము, పత్తి, కొబ్బరి పీచు అయితే చీకి తెగుతాయి. నైలాన్ తెగదు.

పురికొసే వాడాలనుకుంటే వాడండి, తప్పేమీ కాదు. చవక, చివర్లో మొక్కతోపాటు ఎరువు గుంటలో వేసేయొచ్చు. అయితే మూడు పనులు చేయండి. కట్టే ముందు కొవ్వొత్తి ముక్కతో తాడును ఒకసారి రుద్దితే పీచు అణిగి ఉంటుంది. తడిపి కట్టకండి, పొడిగా కట్టండి. పుల్ల చుట్టూ రెండు చుట్లు బిగించి, ఆ చుట్ల కిందనుంచి తాడు దూర్చి, అప్పుడు మొక్క వైపు వదులుగా తిప్పి, ముడిని పుల్లకూ కాండానికీ మధ్య, ఆకుల నీడలో వేయండి. పుల్లకు గట్టిగా, మొక్కకు వదులుగా ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి కడతారు. పుల్ల మీద కట్టు జారుతుంటే, కత్తితో వెదురు మీద చిన్న గాడి కొట్టండి. నా పద్నాలుగు కట్లు ముడితో సహా జారి పోవడానికి కారణం ఆ గాడి లేకపోవడమే. కొస గోరు కంటే పొడుగు ఉంచకండి. అందంగా ఉందని పువ్వు ముడి వేసి రెండు చెవులు వదిలితే అది కాకికి పిలుపే.

వేపనూనె రాస్తే రావంటారు. నేను రాసి చూశాను, వచ్చాయి. నూనెకు పీచు అణగడం వల్ల ఓ వారం కాస్త తగ్గాయి, అంతే.

ఇనుప తీగ ఎందుకు వద్దంటే, అది పక్షిని ఆపుతుంది కానీ మొక్కను కోస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా మీదుగా వెళ్తూ ఏం చేసిందో ఇక్కడివాళ్ళెవరూ మరచిపోలేరు. ఆ ఏడాది కాకుల బాధ పడలేక సగం పాదులు బైండింగ్ వైరుతో కట్టాను. గాలి తగ్గాక చూస్తే పందిరి మొత్తం పడిపోయింది, అది ఎలాగూ పడేదే. కానీ ట్యూబు కట్లున్న పాదులు పందిరితోపాటు నేల మీదికి వంగి బతికాయి, మళ్ళీ లేపితే కాశాయి. తీగ కట్లున్నవి కట్టు దగ్గరే తెగిపోయాయి. తుపాను లేకపోయినా మామూలు గాలికే తీగ కాండాన్ని రాస్తూ ఉంటుంది, ఆ గాయంలోంచి కుళ్ళు మొదలవుతుంది. ఎండాకాలం డాబా మీద తీగ ఎంత కాలుతుందో మీకే తెలుసు. పందిరి గుంజకూ అడ్డ వాసానికీ అయితే తీగతోనే కట్టుకోండి, అక్కడ అదే మంచిది. రెండు చుట్లు వేసి మెలిపెట్టి, కొసను లోపలికి వంచేయండి. మొక్కకు మాత్రం తగలనీయకండి.

ఆ మాటకొస్తే, అసలు కట్టే అవసరమే లేకుండా చేసుకోవచ్చు. మీ రాయగడ వైపు కొండల్లో కంది బాగా పండిస్తారు. పంట కోశాక కంది కట్టె సంతల్లో, పొలాల్లో దొరుకుతుంది. కొమ్మలున్న కంది కట్టెను కుండీలో మూడు వైపులా గుచ్చితే చిక్కుడు దానంతట అదే ఎక్కుతుంది, ఒక్క కట్టు అక్కర్లేదు. పొట్టి టమాటా రకాలు కూడా ఆ కొమ్మల మధ్య ఆనుకుని నిలబడతాయి. ఆనప, పొట్ల బరువుకు అది చాలదు. వాటికి పంగల కర్ర పాతి, పంగలో అడ్డ వాసం కూర్చోబెడితే బరువు కర్ర మోస్తుంది, కట్టు ఊరికే అటూ ఇటూ కదలకుండా పట్టుకుంటుంది. అప్పుడు కాకి ఒక కట్టు లాగేసినా పందిరి కూలదు. మా అత్తగారి రోజుల్లో ఇలాగే వేసేవారు. కర్రలు దొరకడం తగ్గాక మనం బరువంతా తాడు మీద వేశాం.

వాటికీ కొంత ఇవ్వాలన్నాను కదా. డాబాకు మొక్కలకు దూరంగా ఉన్న మూలలో ఒక పాత తీగ బుట్ట వేలాడదీసి, అందులో పీకిన కొబ్బరి పీచు, ఎండు గడ్డి వేయండి. పీచు పోగులు నాలుగు వేళ్ళ కంటే పొడుగు ఉండకూడదు, పొడుగువి కాళ్ళకు చుట్టుకుంటాయి. నైలాన్ దారం, గాలిపటం మాంజా, మనుషుల పొడుగు వెంట్రుకలు అసలు వేయకండి. మా దొడ్డిలో ఏప్రిల్‌లో ఈ బుట్టను వారానికి రెండుసార్లు నింపుతాను. మొదటి ఏడాది అవి నమ్మలేదు, రెండో ఏడాది నుంచి నేరుగా బుట్టకే వచ్చాయి. పక్కన వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు కూడా పెట్టండి. వేసవిలో పిట్టలు టమాటాలు పొడిచేది చాలాసార్లు దాహానికే. నీళ్ళు మాత్రం రోజూ మార్చాలి, లేకపోతే దోమలు.

వల గురించి. మీరిప్పటికే కొనేశానన్నారు, అందుకే కొంచెం గట్టిగా చెబుతున్నాను. సన్నటి నైలాన్ వలను మొక్కల మీద వదులుగా కప్పడం అన్నిటికంటే చెడ్డ పని. ఒకసారి అలా కప్పి ఊరెళ్ళాను. మూడో రోజు తిరిగొచ్చేసరికి ఒక పికిలిపిట్ట, కింద చుట్టుకుని ఒక జెర్రిపోతు. రెండూ చచ్చిపోయి ఉన్నాయి. ఎలుకల్ని పట్టే పాము అది, దొడ్డిలో ఉండడం మన అదృష్టం. వల వాడక తప్పకపోతే లావు దారంది తీసుకుని, నాలుగు గుంజల మీద మంచానికి నవారు బిగించినట్టు బిగుతుగా లాగి కట్టండి. మొక్కకు తగలకూడదు, నేల మీద జీరాడకూడదు, పొద్దున సాయంత్రం తప్పకుండా చూడాలి. అంత చూసే తీరిక లేకపోతే కొన్న దుకాణంలోనే తిరిగి ఇచ్చేయండి.

చచ్చిన కాకి, మెరిసే సీడీలు, దిష్టిబొమ్మ ఇవన్నీ నాలుగు రోజుల ముచ్చట. చచ్చిన కాకిని చూసి మొదటి రోజు ఊరి కాకులన్నీ చేరి గోల చేస్తాయి, ఆ తర్వాత దాని పక్కనే కూర్చుని తాడు లాగుతాయి. ఇంట్లో పిల్లలు తిరిగే డాబా మీద కుళ్ళిన పక్షిని ఎవరూ పెట్టకూడదు. దాని కోసం కాకిని చంపితే అది పాపమూ, నేరమూ కూడా.

ఇంకొక్క విషయం. మీ పందిరిలోనే పికిలిపిట్టో, తేనెపిట్టో గూడు పెట్టేస్తే తీసేయకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను చెదరగొట్టడాన్ని కూడా వేట కిందే లెక్కేస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, పికిలిపిట్ట గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు, అంతే. ఆ నెల రోజులు ఆ కొమ్మ జోలికి వెళ్ళకుండా పక్కన కోసుకోండి. పిల్లలకు మేపేందుకు ఆ జంట ఎన్ని పురుగులు ఏరుతుందో కూర్చుని చూస్తే, మీరే వాటికి కాపలా కాస్తారు. గోరింకలూ అంతే. నా టమాటాలో కాయతొలుచు పురుగు ఎక్కువైన ఏళ్ళలో నేను కర్రలు నాటి మరీ పిట్టల్ని కూర్చోబెట్టాను. తోక చీలిన నల్ల ఏట్రింత వచ్చి కూర్చుందంటే ఆ మడికి సగం మందు కొట్టినట్టే.

ఇక మీ డాబాకు ఈ వారం చేయాల్సింది. టమాటాలకు ట్యూబు ఉంగరాలు లేదా పీలికలు. చిక్కుడు పుల్లలు తీసేసి కంది కట్టె. కాకర బరువు తక్కువే కనుక, ఉన్న పుల్లల మీదే గాడి కొట్టి, కొవ్వొత్తి రుద్దిన పురికొసతో మళ్ళీ కట్టండి. రెండు మూడు పాత కట్లు మాత్రం విప్పకుండా అలాగే ఉంచి, తెల్లవారుజామున చీకటితో ఒకసారి, ఎండ వచ్చాక తొమ్మిదింటికి ఒకసారి వెళ్ళి చూడండి. తెగిన కొసలను దగ్గరగా ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. పిట్ట పనో, ఉడుత పనో, ఎలుక పనో నేను చూసి చెబుతాను.